మా తర్వాత ఎవరు? మేధో వైకల్యం గలవారి కుటుంబాలకు చట్టం ఇచ్చిన అండ

భారతదేశంలో పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి చట్టం దృష్టిలో మేజర్ అవుతాడు కనుక, అతని తరఫున సంతకం చేసే అధికారం ఆ రోజుతో తల్లిదండ్రుల చేతుల్లోంచి జారిపోతుంది. చాలా ఇళ్లలో ఇది ఎవరూ పట్టించుకోని మార్పు. మేధో వైకల్యమో, ఆటిజమో, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీయో ఉన్న బిడ్డ గల ఇంట్లో మాత్రం ఇదే పెద్ద చిక్కుగా ఎదురవుతుంది. బ్యాంకులో ఖాతా తెరవబోతే సంతకం ఎవరు పెడతారని అడుగుతారు; తాతల నాటి ఆస్తి పంచుకునేటప్పుడు ఆ వాటాదారు తరఫున ఎవరు ఒప్పుకోవాలన్న ప్రశ్న వస్తుంది; పాతికేళ్లుగా అన్నం తినిపించి, స్నానం చేయించి, మందులు వేసిన తల్లి ‘నేను వీడి అమ్మను’ అని చెప్పినా ఆ మాట ఒక్కటే ఆఫీసుల్లో చెల్లదు. ఈ చిక్కు వెనుక ఇంతకంటే లోతైన దిగులు ఉంది. మేధో వైకల్యం గల పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కలుసుకున్నా, వైద్యం గురించి, బడి గురించి, పింఛను గురించి ఎంతసేపు మాట్లాడుకున్నా, చివరికి వారి మాటలు చేరేది ‘మా తర్వాత వీడికి ఎవరు?’ అన్న చోటికే. ఈ ప్రశ్నకు చట్టం పూర్తి సమాధానం ఇవ్వలేకపోయినా, చాలా కుటుంబాలు అనుకునేదానికన్నా ఎక్కువే ఇచ్చింది. ఆ సంగతి అవసరమైన ఇళ్లకు చేరకపోవడమే అసలు లోటు.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. మేధో వైకల్యం అంటే నేర్చుకోవడం, ఆలోచించి సమస్యను పరిష్కరించుకోవడం, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం అనే శక్తులలో చిన్ననాటి నుంచే ఉండే పరిమితి. ఇది జబ్బు కాదు కనుక మందులతో నయమయ్యేదీ కాదు, కానీ సరైన శిక్షణతో వ్యక్తి సామర్థ్యం ఏ వయసులోనైనా పెరుగుతుంది. మానసిక అనారోగ్యం వేరు. అది ఆలోచనను, మనోస్థితిని కలతపెట్టే వ్యాధి, ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సకు లొంగవచ్చు. సామాన్య వ్యవహారంలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల కుటుంబాలు తప్పు తలుపు తడుతున్నాయి. మానసిక అనారోగ్యం ఉన్నవారికి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం ఆ వ్యక్తి చికిత్స విషయంలో తనకు తోడుగా నిలిచే నామినేటెడ్ ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చు. మేధో వైకల్యం గలవారికి ప్రధానంగా రెండు చట్టాలు అండగా ఉన్నాయి: 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం.

వీటికి ముందు 1995లో వచ్చిన చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. ఆటిజానికి అందులో చోటే లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారిలో చాలామందికి జీవితాంతం మరొకరి తోడు కావాలని, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఒక్కటే వారి అవసరాలు తీర్చదని తల్లిదండ్రులు పట్టుబట్టిన ఫలితంగానే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పాటైన ట్రస్టు బోర్డులో తల్లిదండ్రుల సంఘాల ప్రతినిధులకు స్థానం కల్పించడం యాదృచ్ఛికం కాదు. ఆ తరువాత 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించగా, 2007 అక్టోబర్ 1న భారతదేశం దానిని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా పార్లమెంటు చేసిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చి, గుర్తింపు పొందిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. వికలాంగులను దయ చూపవలసినవారిగా కాక హక్కులు గల పౌరులుగా చూడడం ఈ చట్టానికి పునాది. హక్కు అన్నప్పుడు దానిని అడగవచ్చు, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదని నిలదీయవచ్చు.

ఏ హక్కును అడగాలన్నా మొదటి మెట్టు వైకల్య ధ్రువపత్రం. తెలుగు రాష్ట్రాల ప్రజలకు ఇది ‘సదరం సర్టిఫికెట్’గానే తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైకల్యాన్ని కంప్యూటర్ ద్వారా ఒకే పద్ధతిలో మదింపు చేయడానికి రూపొందించిన సాఫ్ట్‌వేర్ పేరే జనం నోట ఆ పత్రానికీ, పరీక్షలు జరిగే క్యాంపుకూ స్థిరపడిపోయింది. కేంద్ర ప్రభుత్వం ఆ తరువాత దేశమంతటికీ వర్తించే యూడీఐడీ కార్డును తెచ్చింది. 2021 జూన్ నుంచి ధ్రువపత్రాలను యూడీఐడీ పోర్టల్ ద్వారానే జారీ చేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. కార్డు మీది రంగు గీత వైకల్య తీవ్రతను తెలుపుతుంది: 40 శాతం కంటే తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, అంతకు మించితే నీలం. ఈ 40 శాతం అనే గీతకు చట్టంలో ప్రత్యేక విలువ ఉంది. రిజర్వేషన్లు, పథకాల వంటి ప్రత్యేక సౌకర్యాలలో ఎక్కువ భాగం ఆ గీత దాటినవారికే వర్తిస్తాయి. మేధో వైకల్యం విషయంలో చాలామంది తల్లిదండ్రులు ‘మావాడికి కొంచెమే కదా, సర్టిఫికెట్ రాదులే’ అని క్యాంపుకు వెళ్లడమే మానేస్తారు. వాస్తవానికి కేంద్రం ప్రకటించిన మదింపు మార్గదర్శకాల ప్రకారం స్వల్ప స్థాయి మేధో వైకల్యానికి కూడా 50 శాతం లెక్క కడతారు. మదింపులో తేల్చిన శాతం మీద అభ్యంతరం ఉంటే పై అధికారికి అప్పీలు చేసుకునే అవకాశాన్ని కూడా చట్టం ఇచ్చింది.

ఈ క్యాంపుల నిర్వహణ గురించి ఒక మాట చెప్పక తప్పదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు వచ్చే రోజు కోసం నెలల తరబడి ఎదురుచూడడం, కొత్త మనుషులను, రద్దీని తట్టుకోలేని ఆటిజం పిల్లవాడిని గంటల కొద్దీ వరుసలో నిలబెట్టడం మేధో వైకల్యం గలవారి కుటుంబాలకు అలవాటైన బాధలు. పెద్ద శబ్దాలకు బెదిరిపోయే పిల్లవాడిని ముందుగా పిలవడం, విడిగా ఒక గదిలో కూర్చోబెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 2016 చట్టం ఇటువంటి మార్పును ‘సముచిత సర్దుబాటు’ అంటుంది; అంటే, సంస్థ మీద తలకు మించిన భారం పడకుండా, వికలాంగ వ్యక్తి ఇతరులతో సమానంగా తన హక్కును వాడుకునేందుకు చేయవలసిన తగిన మార్పు. దానిని నిరాకరించడం కూడా వివక్షే అవుతుందని ఆ చట్టం చెబుతోంది. కనుక క్యాంపులో తల్లి ఆ సౌకర్యం అడిగినప్పుడు బతిమాలవలసిన అవసరం లేదు.

పిల్లల వయసులో ఉన్నవారికి చట్టం ఇచ్చిన అండ కొంత మెరుగ్గానే పనిచేస్తోంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాలలో ఏర్పాటు చేసిన సత్వర చికిత్సా కేంద్రాలలో చిన్నపిల్లల ఎదుగుదల లోపాలను గుర్తించి, ఫిజియోథెరపీ, మాట నేర్పే థెరపీ ఉచితంగా అందిస్తారు. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటి వద్దనే చదువుకునే హక్కునిచ్చింది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు అని 2016 చట్టం చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే ప్రత్యేక రిసోర్సు టీచర్లు ఈ పిల్లలకు బడికీ ఇంటికీ మధ్య వారధిగా ఉన్నారు. అసలు కష్టం బడి వయసు దాటాక మొదలవుతుంది. అంతవరకు రోజుకొకసారైనా బయటకు వెళ్లిన పిల్లవాడు పద్దెనిమిదేళ్లకు మళ్లీ ఇంటి నాలుగు గోడల మధ్యకు చేరుకుంటాడు. తల్లిదండ్రుల సంరక్షణాధికారం చట్టపరంగా ముగిసేదీ ఆ వయసులోనే.

నేషనల్ ట్రస్ట్ చట్టం ముఖ్యంగా ఉపయోగపడేది ఇక్కడే. మేజర్ అయిన వ్యక్తికి సంరక్షకుడిని, అంటే చట్టం గుర్తించే గార్డియన్‌ను, నియమించుకోవడానికి సివిల్ కోర్టు చుట్టూ తిరగనక్కరలేకుండా ఈ చట్టం ప్రతి జిల్లాలో ఒక ‘స్థానిక స్థాయి కమిటీ’ని ఏర్పాటు చేయమంటుంది. ఆ కమిటీలో కలెక్టర్ హోదాకు తగ్గని ప్రభుత్వాధికారి, ట్రస్టులో నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉంటారు. తల్లి, తండ్రి, లేదా బంధువు ఎవరైనా తమకు నమ్మకమైన వ్యక్తి పేరును సూచిస్తూ ఈ కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. తల్లిదండ్రులు తమనే సంరక్షకులుగా నియమించమని కూడా అడగవచ్చు. నమోదైన సంస్థ సైతం దరఖాస్తు చేయవచ్చు. ఈ విధంగా వచ్చిన ధ్రువపత్రాన్ని ఖాతాలు తెరవడానికి, నడపడానికి అంగీకరించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది. కనుక బ్యాంకులో ఆ పత్రాన్ని కాదని కోర్టు ఉత్తర్వే కావాలంటే, ఆ సూచన ప్రతిని మేనేజరు ముందు పెట్టడం ఉత్తమం.

ఈ నియామకంలో తరచు మరచిపోయే అంశాలు రెండున్నాయి. మొదటిది, దరఖాస్తు రాగానే సంతకం పెట్టడం కమిటీ పని కాదు. ఆ వ్యక్తికి అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అవసరం అన్నది కమిటీ విచారించి తేల్చాలని చట్టం స్పష్టంగా నిర్దేశించింది. బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చుకోగలిగిన యువతికి రోజు ఖర్చుల మీద సంరక్షకుడు అక్కరలేకపోవచ్చు. భూమి పత్రాల విషయంలో కావలసి రావచ్చు. రెండవది, సంరక్షకత్వం అధికారంతో పాటు లెక్క చెప్పే బాధ్యత కూడా. నియామకం జరిగిన ఆరు నెలల లోపు ఆ వ్యక్తికి చెందిన స్థిరాస్తులు, చరాస్తులు, రావలసినవి, తీర్చవలసినవి అన్నింటి జాబితాను కమిటీకి సమర్పించాలి. ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలలలో జమాఖర్చు ఇవ్వాలి. సంరక్షకుడు ఆ వ్యక్తిని నిర్లక్ష్యం చేసినా, బాధించినా, ఆస్తి దుర్వినియోగం చేసినా అతనిని తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు లేదా నమోదైన సంస్థ కోరవచ్చు. తమ తదనంతరం మేనమామో అన్నో చూసుకుంటారని నోటి మాట మీద వదిలేసే కుటుంబాలకు ఈ లెక్కల నిబంధన ఇబ్బందిగా తోచవచ్చు. కానీ చూసేవారి మంచితనం మీదనే ఆధారపడిన ఏర్పాటులో ఆ మంచితనం తగ్గిన రోజున బిడ్డకు దిక్కుండదు. లెక్క అడిగే వ్యవస్థ ఒకటి బయట ఉండడమే ఆ బిడ్డకు రక్షణ.

కమిటీ కాలపరిమితి మూడేళ్లు. తరువాత దానిని తిరిగి ఏర్పాటు చేయాలి. జిల్లాల పునర్విభజన జరిగిన తెలుగు రాష్ట్రాలలో తమ కొత్త జిల్లాకు కమిటీ ఉందా, అది సమావేశమవుతోందా అన్నది తల్లిదండ్రులు ముందుగా కనుక్కోవాలి. కమిటీ లేకపోతే కలెక్టరుకు వారంవారం జరిగే ప్రజావాణి లేదా ప్రజా సమస్యల పరిష్కార వేదికలో లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవడం మంచిది. ఒక్కరు ఇచ్చిన అర్జీ కన్నా పదిమంది తల్లిదండ్రులు కలిసి ఇచ్చిన అర్జీకి బరువెక్కువ.

సంరక్షకుడి గురించి ఇంతగా చెప్పుకున్న తరువాత, ఆ వ్యక్తి ఇష్టం ఏమైందన్న ప్రశ్న రాక మానదు. 2016 చట్టంలోని 13, 14 సెక్షన్లు ఈ విషయంలో పాత ఆలోచనను చాలావరకు మార్చివేశాయి. వికలాంగులకు ఇతరులతో సమానంగా ఆస్తి కలిగి ఉండే హక్కు, వారసత్వంగా పొందే హక్కు, తమ ఆర్థిక వ్యవహారాలు తామే నడుపుకునే హక్కు ఉన్నాయని 13వ సెక్షన్ చెబుతుంది. తోడుగా ఉన్నవారి స్వార్థం ఆ వ్యక్తి ప్రయోజనానికి అడ్డువచ్చే లావాదేవీలో వారు తప్పుకోవాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. 14వ సెక్షన్ ‘పరిమిత సంరక్షకత్వం’ అనే పద్ధతిని తెచ్చింది. అంటే ఒక నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్టమైన కాలానికి మాత్రమే పరిమితమై, సంరక్షకుడూ ఆ వ్యక్తీ పరస్పర విశ్వాసంతో కలిసి నిర్ణయం తీసుకోవడం, ఆ నిర్ణయం ఆ వ్యక్తి ఇష్టానికి అనుగుణంగా ఉండడం. ఇతర చట్టాల కింద నియమితులైన సంరక్షకులు కూడా ఇకపై పరిమిత సంరక్షకులుగానే వ్యవహరించాలని ఆ సెక్షన్ నిర్దేశించింది. తెలుగు కుటుంబాలలో బిడ్డ మంచి కోసమే అన్న భావంతో అతని తరఫున అన్నీ నిర్ణయించడం సహజంగా జరిగిపోతుంది; ఏ చొక్కా వేసుకోవాలి, ఎవరితో ఉండాలి, ఏ పని నేర్చుకోవాలి అని ముప్పై ఏళ్ల మనిషిని అడగకపోవడం ప్రేమలో భాగమైపోతుంది. మాట సరిగా రానివారికి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయి. వాటిని బొమ్మల ద్వారా, సైగల ద్వారా, ముఖకవళికల ద్వారా తెలుసుకోవడం ఓపిక ఉంటే సాధ్యమే. చండీగఢ్‌లో స్వల్ప మేధో వైకల్యం గల ఒక మహిళ బిడ్డను కనాలని కోరుకున్నప్పుడు ఆమె ఇష్టానికి విరుద్ధంగా గర్భస్రావం చేయించరాదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెనుక ఉన్న సూత్రం జీవితంలోని చిన్న విషయాలకు కూడా వర్తిస్తుంది.

డబ్బు సంగతికి వస్తే, పింఛను అందరికీ తెలిసినదే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో దానిని 4,016 రూపాయలకు పెంచారు. ఈ పెంపుల వెనుక వికలాంగుల సంఘాల ధర్నాలు, దీక్షలు ఉన్నాయి. ఉద్యమ నేత మంద కృష్ణ మాదిగ మార్గదర్శకత్వంలో నడిచిన వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి సంఘాలు పింఛనును రాజకీయ పార్టీల ఎన్నికల హామీగా మార్చగలిగాయి. అంతగా తెలియనివి కొన్ని ఉన్నాయి. నేషనల్ ట్రస్టు నిర్వహించే ‘నిరామయ’ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు పొందవచ్చు. ముందుగా వైద్య పరీక్షలు అక్కరలేదు, థెరపీ ఖర్చులకు కూడా అందులో చోటుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగి మరణించాక, సొంతంగా జీవనం సాగించలేని వికలాంగ సంతానానికి నిబంధనలకు లోబడి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. దీనికోసం ఉద్యోగంలో ఉండగానే ఆ బిడ్డ పేరును, వైకల్యాన్ని సర్వీసు రికార్డులో చేర్పించుకోవాలి; తండ్రి పోయిన తరువాత ఆ కాగితాలు వెతుక్కోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. వికలాంగ సంతానం ఆలనాపాలనా చూసే కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సాధారణ బదిలీల నుంచి మినహాయింపు కోరే వీలుంది. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి, తమ మీద ఆధారపడిన వికలాంగుల పోషణకు ఆదాయంలో 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయలు మినహాయింపు లభిస్తుంది.

ఆస్తి గల కుటుంబాలు ఇల్లో పొలమో నేరుగా బిడ్డ పేర రాసేసి బాధ్యత తీరిందనుకోవడం కనిపిస్తుంది. ఆ ఆస్తిని నడిపేవారెవరో తేలకపోతే అదే ఆ బిడ్డకు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం కింద ఆ బిడ్డ ప్రయోజనం కోసం ఒక ప్రైవేటు ట్రస్టు ఏర్పాటు చేసి, ఒకరికన్నా ఎక్కువమందిని ధర్మకర్తలుగా పెట్టడం, ఏ ఖర్చులకు ఎంత వాడాలో రాసి ఉంచడం ఇంతకన్నా భద్రమైన మార్గం. వీలునామాతో పాటు బిడ్డ అలవాట్లు, మందులు, భయాలు, ఇష్టమైన తిండి, ఇష్టమైన పాటలు రాసిన ఒక పుస్తకం కూడా ఇంట్లో ఉండాలి. చట్టపరంగా దానికి విలువ లేకపోయినా, రేపు అతనితో ఉండబోయే మనిషికి దానికి మించిన దారి చూపేది లేదు.

తల్లిదండ్రులకు ఇటువంటి సమాచారం అందించేది చాలావరకు ఇతర తల్లిదండ్రులే. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పాటై, ఇప్పుడు ‘నీపిడ్’గా పిలుస్తున్న జాతీయ సంస్థ మేధో వైకల్యంపై పరిశోధన, ఉపాధ్యాయుల శిక్షణలతో పాటు కుటుంబాలకు శిక్షణనిచ్చే పనిని తన ప్రధాన బాధ్యతగా పెట్టుకుంది. దూరపు జిల్లాల నుంచి పిల్లలతో వచ్చి అక్కడ మదింపు చేయించుకున్న తల్లులు తమ ఊళ్లకు తిరిగి వెళ్లి, తమలాంటివారిని వెతుక్కొని సంఘాలు కట్టారు. దేశవ్యాప్తంగా ఇటువంటి తల్లిదండ్రుల సంఘాల సమాఖ్యగా ‘పరివార్’ 1995లో ఏర్పడింది. సంఘంలో చేరిన తల్లికి మొదట దొరికేది పథకాల జాబితా కాదు, ‘ఇది నా తప్పు కాదు’ అన్న ధైర్యం. గత జన్మ పాపమనో, గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన తప్పనో తల్లినే నిందించే మాటలు ఇంకా వినిపిస్తున్న సమాజంలో ఆ ధైర్యం చిన్నది కాదు.

హక్కుకు భంగం కలిగినప్పుడు వెళ్లవలసిన చోట్లను కూడా 2016 చట్టం నిర్దేశించింది. ప్రతి ప్రభుత్వ సంస్థలో వికలాంగ ఉద్యోగుల ఫిర్యాదుల కోసం ఒక అధికారి ఉండాలి. ప్రతి రాష్ట్రంలో వికలాంగుల హక్కుల కమిషనర్, కేంద్రంలో చీఫ్ కమిషనర్ ఉంటారు. సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించుకోవడం వంటి విషయాలలో వారికి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. వైకల్యం గల వ్యక్తిని బహిరంగంగా అవమానించినా, దాడి చేసినా, అన్నం పెట్టకుండా ఉంచినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చని ఆ చట్టంలోని 92వ సెక్షన్ చెబుతుంది. ఆ అన్నం పెట్టకపోవడం ఇంట్లోనే జరిగినా అది నేరమే.

న్యాయవాదికి డబ్బు లేక వెనక్కి తగ్గవలసిన పని లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం వైకల్యం గల వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఆ సహాయం సలహాకూ, దరఖాస్తు రాయించుకోవడానికీ, కోర్టులో వాదనకూ వర్తిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయాన్ని నేరుగా సంప్రదించవచ్చు. జాతీయ సహాయ ఫోను సంఖ్య 15100. పదహారు, పదిహేడేళ్ల బిడ్డ ఉన్న కుటుంబాలు ధ్రువపత్రం, సంరక్షకత్వ దరఖాస్తు, నిరామయ నమోదు ఈ మూడింటికీ కావలసిన కాగితాలు సిద్ధం చేసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టాలి. ఈ వ్యాసం చదివినవారి వీధిలో అటువంటి కుటుంబం ఒకటి ఉంటే, ఈ వివరాలు వారికి చేరవేయడం చదివినవారి వంతు.